డిటెక్టివ్ నవలకు మార్కులు

డిటెక్టివ్ నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని నా చిన్నతనంలో పెద్దవాళ్ళు గట్టిగా నమ్మేవారు. సాంఘికశాస్త్రం పుస్తకం చాటున అలాంటి నవల చదువుతూ పట్టుబడినవాడికి మా బళ్ళో రెండు శిక్షలు ఉండేవి. ఒకటి బెత్తం దెబ్బలు. రెండోది, పుస్తకం కాస్తా మాస్టారి బీరువాలోకి వెళ్ళిపోవటం. దెబ్బలకు ఎవడూ ఏడ్చేవాడు కాదు గాని, పుస్తకం పోతే మాత్రం ఏడ్చేవాళ్ళు. ఎంచేతనంటే అది మనది కాదు, బజారులో అద్దెకు తెచ్చింది. రోజుకు 10 పైసలు అద్దె. పుస్తకం పోగొట్టినవాడు దాని ఖరీదంతా కట్టుకోవాలి.

తరవాత నేనే బడిపంతుల్నయ్యాను, హెడ్మాస్టర్నయ్యాను, పదవీ విరమణ కూడా చేశాను. ఇంతకాలంలోనూ డిటెక్టివ్ నవలలు చదవటం మాత్రం మానలేదు. చెడిపోయానో లేదో నా శిష్యులు చెప్పాలి. అయితే ఒక సంగతి ఉంది. ఏ నవల మంచిదో, ఏది నాసిరకమో తేల్చుకోవటం రాకుండా వరసబెట్టి వంద నవలలు చదివినా లాభం లేదు. ఆ తేల్చుకోవటం ఎలాగో నాకు తెలిసినంతలో చెబుతాను.

1970 దాటిన కొత్తలో మా ఊరి అద్దె షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు అరలకు అరలు ఉండేవి. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధరూ, అసిస్టెంటు రాజూ మాకు దగ్గరి చుట్టాలకన్న ఎక్కువ. కాని అద్దె పుస్తకాలకు ఒక జబ్బు ఉంది. పది చేతులు మారేసరికి మొదటి పేజీలూ చివరి పేజీలూ ఊడిపోతాయి. ఒకసారి నాకూ నా స్నేహితుడికీ అలాంటిది ఒకటి తగిలింది. అట్ట లేదు, రాసినవారి పేరు లేదు, చివర ఆరేడు పేజీలు లేవు. హంతకుడెవరో చెప్పబోతూ డిటెక్టివు అందరినీ గదిలో కూర్చోమంటాడు. అంతటితో పుస్తకం సరి!

మా అవస్థ ఊహించుకోండి. డాక్టరని నేను, గుమాస్తా అని వాడు. రెండు రోజులు వాదించుకుని, అద్దె పెరిగిపోతున్నా సరే అని మళ్ళీ మొదటినించీ చదివాము. మూడోసారి చదువుతూండగా నా స్నేహితుడు ఎగిరి గంతేశాడు. హత్య జరిగిన రాత్రి ఊరంతా కరెంటు లేదని నాలుగో ప్రకరణంలో ఉంది. ఆ రాత్రే తాను వచ్చి వీధి గుమ్మం దగ్గర కరెంటు గంట నొక్కాననీ, అది లోపల మోగటం విన్నాననీ తొమ్మిదో ప్రకరణంలో ఒక పెద్దమనిషి చెబుతాడు. అయితే ఆయన అబద్ధం ఆడాడన్న మాట! ఎందుకు ఆడాడని ఆలోచిస్తే మిగిలిన చిక్కుముళ్ళన్నీ వాటంతట అవే విడిపోయాయి. ఏడాది తరవాత పక్క ఊళ్ళో ఆ నవల పూర్తి ప్రతి దొరికింది. ఆత్రంగా చివరి పేజీలు చదివాము. మాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

మంచి డిటెక్టివ్ నవలను గుర్తించటానికి ఇది మొదటి పరీక్ష. చివరి పేజీలు చింపేసినా దొంగను పట్టుకోవటానికి కావలసినదంతా మిగిలిన పేజీలలో ఉండాలి. డిటెక్టివుకు తెలిసినదంతా మనకూ తెలియాలి. అతను గెలవవలసింది బుద్ధిబలంతో. మనకు చూపకుండా జేబులో దాచుకున్న కాగితం ముక్కతో కాదు.

ఈ న్యాయం మనకు కొత్తది కాదు. మర్యాద రామన్న తీర్పులు మీలో చాలామంది వినే ఉంటారు. నలుగురు వర్తకులు ఉమ్మడిగా పత్తి వ్యాపారం చేస్తూ, ఎలకల బాధ పోవటానికి ఒక పిల్లిని పెంచారట. పిల్లిని కూడా కాలొక్కింటికి ఒకరు చొప్పున పంచుకున్నారు. ఒక కాలికి దెబ్బ తగిలితే ఆ కాలు తాలూకు వర్తకుడు నూనె గుడ్డ కట్టాడు. ఆ గుడ్డకు దీపం అంటుకున్నది. పిల్లి బెదిరి పత్తి మీదికి దూకింది. పత్తి అంతా బుగ్గి అయిపోయింది. నష్టమంతా గుడ్డ కట్టినవాడే భరించాలని మిగిలిన ముగ్గురూ ఫిర్యాదు చేశారు. రామన్న ఏం తీర్పు చెప్పాడు? ఈ కథ విననివాళ్ళు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి.

దెబ్బ తగిలిన కాలు పిల్లి నేలకు ఆనించనే లేదు. దాన్ని పత్తిలోకి మోసుకుపోయినవి మిగిలిన మూడు కాళ్ళే. కనక ఆ ముగ్గురే నాలుగోవాడికి నష్టం చెల్లించాలన్నాడు రామన్న. ఈ తీర్పు వినగానే, "అవును సుమా, నాకెందుకు తట్టలేదు?" అనిపిస్తుంది. రామన్న కొత్త సాక్షిని ఎవరినీ తేలేదు. మనకు తెలియనిది ఒక్కటి కూడా ఆయనకు తెలియదు. మంచి డిటెక్టివ్ నవల ముగింపు ఇలాగే ఉండాలి.

పడమటి దేశాలలో ఇలాంటి కథకు ఆద్యుడు ఎడ్గార్ అలన్ పో అని చెబుతారు. ఆయన అమెరికా రచయిత. పారిస్ నగరంలో జరిగిన ఒక చిక్కు హత్యను డ్యూపాన్ అనే మేధావి ఛేదించిన కథ ఆయన 1841లో ప్రచురించాడు. ఆ తరవాత వందలకొద్దీ రచయితలు ఈ బాట పట్టారు. వాళ్ళలో కొందరు పాఠకుణ్ణి మోసం చెయ్యసాగారు. కథ మధ్యలో ఎక్కడా కనపడని కవల సోదరుడు చివర ఊడిపడేవాడు. ఎవరూ విని ఎరగని విషం ఒకటి బయటపడేది. గోడకు ఒక రహస్య ద్వారం చాలక రెండు మూడు ఉండేవి. ఇది చూసి రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. ఆయన స్వయంగా డిటెక్టివ్ నవలలు రాసినవాడే. నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనపడాలి. దయ్యాలూ భూతాలూ పరిశోధనలో కలగజేసుకోరాదు. డిటెక్టివుకు దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపాలి. అదృష్టం డిటెక్టివుకు సాయపడరాదు. ఇలా సాగుతాయి ఆ నియమాలు.

నేను లెక్కల మాస్టర్ని కనక నాకు ఈ నియమాలు చాలా నచ్చాయి. లెక్కలో జవాబు సరిపోతే చాలదు, మెట్లన్నీ చూపాలి. పక్కవాడి కాగితం చూసి జవాబు ఒక్కటే వేసినవాడికి నేను సున్నా వేసేవాణ్ణి. మెట్లన్నీ సరిగా వేసి చివర కూడికలో తడబడ్డవాడికి చాలా మార్కులు దక్కేవి. డిటెక్టివ్ నవలకూ నేను ఈ పద్ధతిలోనే మార్కులు వేస్తాను. చదివేవాడికి కూడా అంతే. "మొదటినించీ నాకు వాడి మీదే అనుమానం" అని గొప్పలు చెప్పుకునేవాళ్ళుంటారు. ఎందుకు అనుమానం అని అడగండి. చెప్పలేకపోతే ఆ అనుమానానికి మార్కులు లేవు.

అగాథా క్రిస్టీ 1926లో రాసిన "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్" వెలువడినప్పుడు పాఠకులు రెండు పక్షాలయారు. ఆవిడ మోసం చేసిందన్నారు కొందరు, చెయ్యలేదన్నారు మరికొందరు. రహస్యం నేను బయటపెట్టను. కాని ఆ పుస్తకం పూర్తి చేశాక మళ్ళీ మొదటికి వచ్చి చూస్తే, ఆవిడ ఎక్కడా ఒక్క అబద్ధం చెప్పలేదని తెలుస్తుంది. మన చూపును పక్కకు తిప్పిందంతే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ ఆస్పత్రిలో మందులు కలిపి ఇచ్చే గదిలో పనిచేసింది. అందుచేత విషాలను గురించి ఆవిడ రాసినది ఉత్త ఊహ కాదు.

సైన్సు సరిగా ఉంటేనే డిటెక్టివ్ కథ మంచిదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పటానికి షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి తీసుకుంటాను. దాని పేరు "ది స్పెకిల్డ్ బ్యాండ్". ఆర్థర్ కానన్ డాయిల్ 1892లో ప్రచురించాడు. హోమ్స్ చిన్న కథలలో తనకు నచ్చినవి పన్నెండు ఏరమంటే, ఆయన 1927లో దీనినే మొదట పెట్టాడు. ఈ కథ చదవనివాళ్ళు ఇక్కణ్ణించి 1871 అనే అంకె కనపడేదాకా వదిలెయ్యండి. కథ చదివాక వెనక్కి రావచ్చు.

కలకత్తాలో కొంతకాలం ఉండి వచ్చిన ఒక డాక్టరు, భార్య పోయాక, ఆవిడ మొదటి భర్త వల్ల కలిగిన ఇద్దరు కూతుళ్ళతో పాత బంగళాలో ఉంటాడు. వాళ్ళలో ఒక పిల్లకు పెళ్ళి కుదురుతుంది. ఒక రాత్రి ఆ పిల్ల లోపల గడియ వేసిన గదిలోనించి కేకవేస్తూ బయటికి వచ్చి, మచ్చల బ్యాండ్ అంటూ చనిపోతుంది. ఇంగ్లీషులో బ్యాండ్ అంటే పట్టీ అని ఒక అర్థం, ముఠా అని ఇంకొక అర్థం. ఆ తోటలోనే జిప్సీల గుంపు ఒకటి గుడారాలు వేసుకుని ఉన్నది. వాళ్ళు తలకు చుక్కల రుమాళ్ళు కట్టుకుంటారు. చుక్కల రుమాళ్ళ ముఠా! ఇంకేం కావాలి?

రెండేళ్ళ తరవాత రెండో పిల్లకు పెళ్ళి కుదురుతుంది. సాకు చెప్పి ఆ పిల్లను అదే గదిలో పడుకోబెడతారు. రాత్రివేళ సన్నగా ఈల వినపడుతుంది. ఆ పిల్ల హోమ్స్ దగ్గరికి పరిగెత్తుకుని వస్తుంది. అతను వెళ్ళి గది చూస్తాడు. పిలుపు గంటకు కట్టవలసిన తాడు మంచం మీదికి వేలాడుతున్నది గాని దానికి గంట లేదు. గాలి రావటానికి పెట్టిన కన్నం బయటికి కాక డాక్టరు గదిలోకి ఉన్నది. మంచం ఎటూ జరపటానికి వీలులేకుండా నేలకు బిగించి ఉన్నది. డాక్టరు గదిలో ఒక చిన్న పళ్ళెంలో పాలు ఉన్నాయి, ఇంట్లో పిల్లి మాత్రం లేదు. చూడండి, ప్రతి ఒక్కటీ మన కళ్ళ ఎదటే ఉన్నది. డాక్టరు కన్నంలోనించి పామును పంపితే అది తాడు వెంట మంచం మీదికి దిగుతుంది. ఈల వేస్తే పాలకోసం తిరిగి వస్తుంది. మచ్చల పట్టీ ఆ పామే.

ఇప్పుడు సైన్సు మాస్టారిని పిలవండి. ఆయన కథను చీల్చి చెండాడతాడు. కథలో పాము మన దేశపు బురద నేలల పాము అన్నారు. అలాంటి జాతి మన దేశంలో లేదు. పాము ఆహారం ఎలకలూ కప్పలూ వంటి జంతువులు గాని పాలు కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పొయ్యటం మన ఆచారమే గాని పాము వాటికోసం ఎదురుచూస్తూ ఉండదు. దానికి బయటి చెవులు లేవు. నేల అదురు బాగా తెలుస్తుంది; గాలిలో వచ్చే బొంగురు ధ్వనులు కొన్ని గ్రహించగలదని ఈమధ్య పరీక్షలు చేసి కనుక్కున్నారు. కాని సన్నని ఈలకు మేకపిల్లలాగా పరిగెత్తి రావటం దానివల్ల కాదు.

కనక సైన్సుకు సున్నా. అయినా తర్కానికి నేను నిండుగా మార్కులు వేస్తాను. ఆ కథాలోకంలో పాము పాలు తాగుతుందని ఒప్పుకున్నామా, మిగిలిన మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. ఇది కాక మూడో పేపరు ఒకటి ఉంది. అందులో ఈ కథకు వచ్చిన మార్కులే నాకు అన్నిటికన్న ముఖ్యం. చివర హోమ్స్ వాట్సన్ తో ఒక సంగతి ఒప్పుకుంటాడు. మొదట తాను పూర్తిగా తప్పుదారి పట్టాననీ, జిప్సీలు దగ్గరలో ఉండటమూ, చనిపోయిన పిల్ల బ్యాండ్ అనటమూ తనను అటు లాగాయనీ, చాలినన్ని ఆధారాలు చేతికి రాకుండా తర్కించటం ప్రమాదమనీ అంటాడు. లోకంలో అంతటి డిటెక్టివు లేడంటారే, ఆయన అన్న మాట ఇది!

జిప్సీలంటే బళ్ళ మీద ఊరూరా తిరిగే జనం. వారి పూర్వులు ఎన్నో వందల ఏళ్ళ కిందట మన దేశంనించే వెళ్ళారని వారి భాషను బట్టి పండితులు తేల్చారు. ఇంగ్లండులో కోడి పోయినా గుర్రం పోయినా ముందు వాళ్ళ గుడారాలు వెతికేవారు. నాక్స్ పది నియమాలలో కూడా, కథలో చైనావాడు ఉండరాదని ఒకటి ఉంది. అది చైనావారి మీద కోపంతో పెట్టింది కాదు. ఆ రోజుల్లో చవకరకం నవలలలో దుర్మార్గుడు కావలసివస్తే ఒక చైనావాణ్ణి పట్టుకొచ్చి నిలబెట్టేవారు. రచయితకు శ్రమ లేదు, పాఠకుడికి ఆలోచన లేదు.

మన దేశంలో ఈ పని నవలలు కాదు, చట్టమే చేసింది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం అని ఒకటి చేసింది. కొన్ని కులాలలో, తెగలలో పుట్టినవారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించారు. పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1911 తరవాత ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకూ వచ్చింది. బాపట్ల దగ్గర ఉన్న స్టువర్టుపురం ఆ కాలంలో ఎరుకలవారిని తెచ్చి ఉంచిన సెటిల్మెంటుగా వెలిసినదే. చట్టం 1952లో రద్దయింది. కాని చట్టం కొట్టేసినంత సులువుగా ఊరి పేరు మీది మచ్చ పోలేదు. ఆ పేరు వింటేనే జేబు తడిమి చూసుకునేవాళ్ళను నేను ఎరుగుదును.

1987లో నేను ఒక పల్లెటూరి హైస్కూలులో లెక్కలు చెబుతూ ఉండేవాణ్ణి. పదో తరగతి పిల్లలు కట్టిన పరీక్ష ఫీజు 470 రూపాయలు ఒక కవరులో పెట్టి, సైన్సు గది బీరువా పై అరలో ఉంచి తాళం వేశారు. మర్నాడు పొద్దున తాళం తీసేసరికి కవరు లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. సుద్దముక్కల పెట్టెలు కింది అరలో ఉన్నాయి. పై అరలో పరిచిన న్యూస్ పేపరు ముద్దముద్దగా అంటుకుపోయి ఉంది. తాళంచెవులు రెండు: ఒకటి క్లాసు టీచరు దగ్గర, ఒకటి అటెండరు దగ్గర. ఆ రోజు అటెండరు సెలవు మీద పొరుగూరిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాడు. రాత్రి వానకు మైదానమంతా బురద.

క్లాసులో డిటెక్టివ్ నవలలు నమిలి మింగిన కుర్రవాళ్ళు ముగ్గురున్నారు. వెంటనే పరిశోధనలోకి దిగారు. కిటికీ కింద బురదలో అడుగుల జాడ కనిపెట్టారు. నిన్న సాయంత్రం బడి వదిలాక ఒక పిల్లవాడు బావి దగ్గర నిలబడి ఉండటం చూశామన్నారు. వాడి కాళ్ళకు కొత్త చెప్పులున్నాయన్నారు. చివరికి ఒకడు అసలు మాట బయటపెట్టాడు: "వాళ్ళది స్టువర్టుపురం సార్!" నిజమే. వాడి తండ్రి చెరువు పనులకు కూలికి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డాడు. క్లాసు టీచరు ఆ పిల్లవాణ్ణి నిలబెట్టి, వాడి సంచీ బల్ల మీద గుమ్మరించారు. పుస్తకాలూ అన్నం డబ్బా పడ్డాయి.

మూడో పీరియడు నాది. నేను వెళ్ళేసరికి తరగతి అంతా తేనెతుట్టెలా ఉంది. లెక్కలు పక్కన పెట్టి, బోర్డు మధ్య నిలువుగా ఒక గీత గీశాను. ఒక పక్క "చూసినవి" అనీ, రెండో పక్క "అనుకున్నవి" అనీ రాసి, ఒక్కొక్కటే చెప్పమన్నాను. కొత్త చెప్పులు చూసినవి. అవి ఈ డబ్బుతో కొన్నవని అనుకున్నది. కవరు పోయింది నిన్న రాత్రి. చెప్పులు సోమవారం నాడే వాడి కాళ్ళకు ఉన్నాయని పక్కన కూర్చునేవాడే చెప్పాడు. బురదలో జాడలు చూసినవి. అవి ఆ పిల్లవాడివని అనుకున్నది. పైగా అవి చెప్పులు లేని పాదాలు. బావి దగ్గర నిలబడ్డాడు, చూసినది. బీరువా తెరిచాడు, ఎవరూ చూడలేదు. పావుగంటలో కుడి పక్క నిండిపోయింది. ఎడమ పక్క సగం ఖాళీ.

"బీరువాలో ఇంకేం చూశారు?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. చివరి బెంచీనించి ఒక అమ్మాయి లేచి, "పై అరలో కాగితం తడిసింది మాస్టారూ" అన్నది. "అది క్లూ కాదు" అన్నారు డిటెక్టివులు. నేను దాన్ని బోర్డు మీద రాశాను. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మా సైన్సు గదిది మంగుళూరు పెంకుల కప్పు. వానకు సరిగ్గా బీరువా మీద కారింది. సుద్దముక్కల పెట్టెలు వాటంతట అవి కింది అరలోకి దిగవు. కనక ఎవరో రాత్రివేళ తాళంచెవితోనే బీరువా తెరిచి, పై అరలోవి తడవకుండా తీశారు. ఒక కుర్రవాణ్ణి సైకిలు మీద పొరుగూరు పంపాము. అటెండరు లబోదిబోమంటూ వచ్చాడు. కవరు ఆఫీసు గది రేకు పెట్టెలో భద్రంగా పెట్టాననీ, తెల్లవారుజామునే బస్సు ఎక్కటంతో చెప్పటానికి వీలుపడలేదనీ అన్నాడు. పెట్టె తెరిస్తే 470 రూపాయలూ ఉన్నాయి. కవరు ఒక మూల కాస్త తడిసింది.

డబ్బు దొరికింది గాని పిల్లవాడు బడికి రాలేదు. నాలుగో రోజున నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తండ్రి మంచం వాల్చి కూర్చోమన్నాడు. కొంచెంసేపు ఊరుకుని, "పోయిందన్న మాట ఊరంతా పాకిందయ్యా. దొరికిందన్న మాట మా వీధి దాకా రాలేదు" అన్నాడు. అంతకు మించి ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాడు ప్రార్థన వేళ హెడ్మాస్టరు గారు బడి అందరి ఎదటా జరిగినది జరిగినట్టు చెప్పారు. పిల్లవాడు బడికి వచ్చాడు, పరీక్ష పాసయాడు. కాని ఆ ఏడాది చివరిదాకా, బీరువాలోనించి సుద్దముక్క తెమ్మంటే, పక్కవాణ్ణి తోడు తీసుకుని గాని వెళ్ళేవాడు కాదు.

నేను చెప్పిన మూడో పేపరు ఇదే. అసలు నేరస్థుడు దొరికాక, అంతకు ముందు నిందపడినవాడు ఏమయాడు? నవల మూసే ముందు నేను ఈ ఒక్కటీ వెతుకుతాను. చాలా నవలలలో వాడు మాయమైపోతాడు. నూరు పేజీలపాటు పాఠకుడి చేత వాడిని అనుమానింపజేసిన రచయిత, వాడికి ఒక్క వాక్యం కూడా విదల్చడు. విల్కీ కాలిన్స్ 1868లో రాసిన "ది మూన్ స్టోన్" అలాంటిది కాదు. ఆ కథలో వజ్రం 1799లో శ్రీరంగపట్నం ముట్టడినాడు మన దేశంనించి దోచుకుపోయినదే. అది ఇంగ్లండులో ఒక ఇంట్లో మాయం కాగానే, చుట్టుపక్కల తిరుగుతున్న ముగ్గురు భారతీయులను పట్టి ఖైదులో వేస్తారు. ఒకప్పుడు దొంగతనం చేసి, బుద్ధి తెచ్చుకుని, ఆ ఇంట్లో పనిచేసుకుంటున్న దాసీపిల్ల మీద అనుమానం పడుతుంది. ఆ రాత్రి వజ్రం తీసింది ఆ ముగ్గురూ కాదు, ఆ పిల్లా కాదు. అనుమానం ఆ పిల్లను ఏం చేసిందో రచయిత దాటెయ్యకుండా రాశాడు. కాలేజీకి వచ్చాక చదవండి. అందాకా కాస్త బరువు.

థ్రిల్లర్ నవలల సంగతి వేరు. అక్కడ జరిగిపోయినది ఏమిటని కాదు, ఇక జరగబోయేది ఏమిటని మన ఆదుర్దా. మధుబాబు గారి షాడో నవలల కోసం అద్దె షాపుల దగ్గర కాచుకుని కూర్చున్నవాళ్ళను నేను చూశాను. వాటికి తర్కం పేపరు పెట్టటం అన్యాయం. అయినా ఒకటి గమనించవచ్చు. కథానాయకుడు ఆపదనించి తప్పించుకున్న ప్రతిసారీ తన తెలివి వల్ల తప్పించుకున్నాడా, లేక రచయిత పైనించి తాడు వేశాడా? మూడు తాళ్ళు లెక్కకు వచ్చాక నేను పుస్తకం మూసేస్తాను.

తల్లిదండ్రులకు ఒక మాట. నేరం కథ అనగానే నెత్తురు ఉండాలని లేదు. సత్యజిత్ రాయ్ తన తాతగారు స్థాపించిన "సందేశ్" అనే పిల్లల పత్రికకోసమే 1965లో ఫెలూదా అనే డిటెక్టివును సృష్టించాడు. మొదటి కథలో హత్య లేనే లేదు. డార్జిలింగులో ఒక పెద్దాయనకు వచ్చిన బెదిరింపు ఉత్తరం గొడవ, అంతే. పదేళ్ళు దాటిన పిల్లలకు అలాంటివి నిర్భయంగా ఇవ్వవచ్చు. మీ పిల్లవాడు డిటెక్టివ్ నవల చదువుతూ పట్టుబడితే దాన్ని లాక్కోకండి. "దొంగ ఎవరనుకుంటున్నావు? ఎందుకు?" అని అడగండి.

మా ఇంట్లో ఏడో తరగతి చదివే మనమరాలు ఉంది. మేమిద్దరమూ ఒక పద్ధతి పెట్టుకున్నాము. నవల ముప్పాతిక వంతు అయ్యాక పుస్తకం మూసి, దొంగ పేరూ, కారణాలూ ఒక చీటీ మీద రాసి, ఆ పేజీలోనే పెట్టాలి. మొత్తం 10 మార్కులు. పేరుకు 2, కారణాలకు 8. ప్రతి కారణానికీ పేజీ నంబరు వెయ్యాలి. "వాడి చూపు బాగాలేదు" వంటి వాటికి ఒక మార్కు తీసివేత. కిందటి నెల చీటీలో మనమరాలు దొంగ పేరు రాయలేదు. ఎవరెవరు దొంగలు కాదో ముగ్గురి పేర్లు రాసి, ఒక్కొక్కరికీ పేజీ నంబర్లు వేసింది. అడుగున, "మిగిలిన ఇద్దరిలో ఎవరో ఇంకా తెలియదు" అని ఉంది. నేను 7 మార్కులు వేశాను. 8 రావాలని అది పోట్లాడుతున్నది. ఆ తగాదా ఇంకా తేలలేదు.